రాజు చీటీ ఎవరికొచ్చినా

మొన్న వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోవడమంటే ఏమిటో వేరే ఊళ్ళవాళ్ళకి చెప్పినా తెలియదు. గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంటుంది. వాకిట్లో వేపచెట్టు ఒక్క ఆకైనా కదల్చదు. సెల్‌ఫోన్లలో ఛార్జింగు కూడా అయిపోయేసరికి, ఇక దిక్కులేక, మనవలూ మనవరాళ్ళూ నలుగురూ నా చుట్టూ చేరి, "అవ్వా, ఏదన్నా ఆట చెప్పవ్వా" అని కూర్చున్నారు.

బొరుగుల్లో వేయించిన బుడ్డలు కలిపి ఓ పళ్ళెం మధ్యలో పెట్టి, మా చిన్ననాటి ఆట ఒకటి నేర్పించాను. అదేనండీ, రాజు, మంత్రి, పోలీసు, దొంగ. నాలుగు చీటీలు మడిచి పైకెగరేస్తే తలా ఒకటి ఏరుకోవాలి. పోలీసు చీటీ వచ్చినవాళ్ళు దొంగ ఎవరో కనిపెట్టాలి. మీరూ ఆడే ఉంటారు.

మూడో ఆటలో పెద్ద మనవడికి రాజు చీటీ వచ్చింది. పోలీసమ్మ దొంగను సరిగ్గానే పట్టేసింది. దొంగ మా చిన్న మనవడు, ఎనిమిదేళ్ళవాడు. పట్టుబడినందుకు వాడేమీ బాధపడలేదు గానీ, "రాజు నా చీటీ తొంగి చూసినాడు. పోలీసుకు సైగ చేసినాడు. ఈ రాజే పెద్ద దొంగ!" అన్నాడు. అంతే! రాజుగారికి ముక్కుమీదికి కోపం వచ్చేసింది. "ఈణ్ణి ఉరి తీయండి!" అని తీర్పు చెప్పేశాడు.

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. "ఒరే, దొంగకి సున్నా మార్కులే కదరా శిక్ష! ఉరి దేనికి?" అన్నాను.

"దొంగతనానికి కాదవ్వా. నన్ను దొంగ అన్నందుకు" అన్నాడు రాజు.

ఇంతలో కరెంటు వచ్చింది. చీటీలు ఎక్కడివక్కడ పారేసి పిల్లలు లోపలికి పరుగెత్తారు. నేను మాత్రం ఆ చీటీలు ఏరుకుంటూ అక్కడే కూర్చుండిపోయాను. పసివాడు తెలియక అన్న ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో తలుచుకుంటే నవ్వు ఆగిపోయింది. దొంగతనానికి ఒక శిక్ష, రాజును దొంగ అన్నందుకు ఇంకో శిక్ష. యాభై ఏళ్ళ కిందట మా ఇంట్లో ఇదే మాట మా అత్తగారు అడిగారు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. మా మామగారు బడిపంతులు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు పైకి చదవడం ఆయన అలవాటు. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళం వినాలని. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చాక ఆ చదవడం మానేశారు. "ఇందులో చదవడానికేముంది!" అని మడిచి పక్కన పెట్టేసేవారు. ఆ డిసెంబరులో ఒక సాయంత్రం ఆయన స్నేహితుడొకాయన హైదరాబాదు నుంచి వచ్చి, వీధి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పారు. ముషీరాబాదు జైల్లో డిసెంబరు 1వ తేదీన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దర్ని ఉరి తీశారట.

వాళ్ళది ఆదిలాబాదు జిల్లా. పేద రైతులు. నక్సలైటు ఉద్యమంలో చేరినవాళ్ళు. భూస్వాముల హత్య కేసులో ఉరిశిక్ష పడింది. వాళ్ళ ప్రాణాలు కాపాడమని దేశంలో ఎందరో విజ్ఞప్తులు చేశారు. రచయితలు, లాయర్లు, వాళ్ళ రాజకీయాలు ఏమాత్రం నచ్చనివాళ్ళు కూడా అడిగారు. ఉరి ఒకసారి అంచుదాకా వచ్చి ఆగింది కూడా. అంతలో ఎమర్జెన్సీ వచ్చింది. అడిగేవాళ్ళలో చాలామంది జైళ్ళకి పోయారు. పేపర్లకు సెన్సారు వచ్చింది. అప్పుడు ఆ తాడు బిగిసింది.

మా అత్తగారు పొయ్యి దగ్గర సంకటి కెలుకుతూ అంతా విన్నారు. ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు. తెడ్డు చేత్తో పట్టుకునే గడపలోకొచ్చి, "ఖూనీ చేసినారనేనా ఉరి?" అని అడిగారు.

"ఖూనీ కేసే" అన్నారు మామగారు.

"అట్లయితే మన తాలూకాలో రెండు ఖూనీలు చేసినోడు బెయిలు మీద వచ్చి తిరుణాల చేయిస్తాండాడే! ఈళ్ళకే యాల ఉరి?"

మామగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వాడు మనిషిని చంపినాడు. వీళ్ళు సర్కారును ఎదిరించినారు" అన్నారు.

చూశారా! ఎక్కడి ముషీరాబాదు జైలు, ఎక్కడి మా వరండాలో చీటీల ఆట! మాట మాత్రం ఒకటే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ కేసులో చచ్చిపోయినవాళ్ళూ మనుషులే. భూస్వామి అయినా ఎవరైనా, వాళ్ళింట్లోనూ ఒక ఇల్లాలి పసుపు కుంకుమలు పోయి ఉంటాయి. హత్యను నేను సమర్థించను. ఏ మంచి పని కోసమైనా సరే, మనిషిని చంపడం నా మనసు ఒప్పదు. ఆ మాట మీదే నిలబడి అడుగుతున్నాను: చంపడం తప్పయితే, సావకాశంగా తేదీ పెట్టి, తాడు తెప్పించి, డాక్టరును పిలిపించి చంపడం ఒప్పెట్లా అవుతుంది?

"హంతకుణ్ణి ఉరి తీయకపోతే పోయినవాళ్ళకి న్యాయం ఎక్కడుంది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దానికి నాకంటే బాగా జవాబు చెప్పగల మనిషి రోజూ మా ఇంటికి పెరుగు తెచ్చేది. ఆమెది మా ఊరికి దగ్గర పల్లె. మా సీమలో ఫ్యాక్షన్ సంగతి మీకు తెలిసిందే కదా. కొడుకు చంకలో ఉండగానే ఆమె భర్తను నరికేశారు. ఒక రోజు పేపర్లో ఏదో ఉరిశిక్ష వార్త చూసి నేను ఈ మాటే కదిపాను. తట్ట దించి కూర్చుని ఆమె చెప్పింది:

"అబద్ధమెందుకు చెప్పాలమ్మా? ఆ పొద్దు నా చేతికి తాడిచ్చింటే నేనే లాగుదును. కోర్టోళ్ళు వానికి యావజ్జీవం ఏస్తే, చాల్లేదని మూడు దినాలు అన్నం ముట్టలేదు. ఏండ్లు గడిచినంక వాడు బయటికొచ్చినాడు. నా కొడుకప్పటికి పెద్దోడు. కొడవలి దీసినాడు. నేను వాని కాళ్ళు పట్టుకోని ఆపితి. వాన్ని నరికితే వాని కొడుకు నీకోసం కొడవలి దీస్తాడు నాయనా, ఆ కొడుకు గూడా ఇప్పుడు మాటలు నేరుస్తాండాడు, అని చెప్తి. నా కోపం నిజమే తల్లీ. కానీ కోపంగా ఉండేదాని చేతికి ఆ పొద్దు తాడియ్యకపోవడమే మేలాయ."

ఎంత పెద్ద మాట! ధర్మశాస్త్రాలన్నీ చదివినా ఇంతకంటే తేటగా చెప్పడం కష్టం. కోపంగా ఉన్నవాళ్ళ చేతికి తాడు ఇవ్వకూడదు. లోకంలో కోర్టు అనేది పుట్టిందే అందుకు. ఇద్దరి తగువులో మూడో మనిషి ఒకరుండాలి. ఆ మూడో మనిషికి ఎవరిమీదా కోపం ఉండకూడదు. అత్తాకోడళ్ళ తగువులో అత్తగారినే పంచాయతీ పెద్దగా కూర్చోబెడితే తీర్పు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

పెరుగమ్మకీ, ఆమె భర్తను చంపినవాడికీ మధ్య సర్కారు మూడో మనిషి. కానీ సర్కారునే ఎదిరించినవాడి తగువులో మూడో మనిషి ఎవరు? అక్కడ కోపం వచ్చింది సర్కారుకే. పట్టుకునేది సర్కారు పోలీసులు. కేసు పెట్టేది సర్కారు. సాక్షుల్ని తెచ్చేది సర్కారు. "జడ్జీలు వేరు కదా!" అంటారేమో. నిజమే, వేరే. వాళ్ళలో మహానుభావులున్నారు. కానీ అప్పీళ్ళన్నీ అయిపోయాక మిగిలేది క్షమాభిక్ష. అది పేరుకు రాష్ట్రపతి దయ. రాజ్యాంగం ప్రకారం ఆయన మంత్రివర్గం సలహా మీదే నడుచుకోవాలి. అంటే ఎవరిమీద తిరగబడ్డాడో వాళ్ళ దయే అడుక్కోవాలన్నమాట. ప్రాణం పోయే ఆఖరి గడపలో నిలబడి ఉన్నది ఆ అత్తగారే!

భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలో జరిగింది అదే. పైగా అవి మామూలు రోజులు కావు. ఎమర్జెన్సీ పెట్టిన రెండు రోజులకే, 1975 జూన్ 27న, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం కింద కోర్టుకు వెళ్ళే హక్కును నిలిపేస్తూ ఉత్తర్వు వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానికి తల ఊపింది. అయిదుగురు జడ్జీల్లో ఎచ్. ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తప్పు దిద్దుకోవడానికి 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. ఇప్పుడు ఎమర్జెన్సీ వచ్చినా ఆ హక్కును ఎవరూ నిలిపేయలేరు. ఆ తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. రాజ్యాంగం దిద్దుకుంది, కోర్టు దిద్దుకుంది. 1975 డిసెంబరు 1 తెల్లవారుజామును మాత్రం ఎవరు దిద్దగలరు?

ఇంకో ముచ్చట చెబుతాను. ఇది ఆడవాళ్ళం తెలుసుకోవలసింది. ఆ ఉరికి ముందటేడు, 1974లో, మన రాష్ట్రానికే చెందిన ఒక యువతి కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఈర్ష్యలో ఒక ఆడదాన్నీ, ఆమె పసిబిడ్డనూ చంపిందని ఆమెకు ఉరిశిక్ష పడింది. ఘోరమే కదా! అయినా జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసు చూశారు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారన్నది చూశారు. ఒక చిన్న కొడుకుకు తల్లి అన్నది చూశారు. అన్నిటికీ మించి, ఇంతకాలం ఉరితాడు నీడలో బతికిందే, అదీ చూశారు. ఉరి తీసేసి యావజ్జీవం వేశారు. ఆ తీర్పు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి. అయితే ఆ ఇద్దరు రైతులూ అదే నీడలో ఏళ్ళ తరబడి కూర్చున్నారు. అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా తమకోసమేనేమో అనుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ విషయంలో ఆ లెక్క ఎందుకు రాలేదు? తెలుగువాడే అయిన జస్టిస్ చిన్నపరెడ్డి 1983లో ఒక కేసులో, రెండేళ్ళకు మించి ఉరి నీడలో ఉంచితే ఇక ఉరి తీయకూడదన్నారు. అంత కచ్చితమైన గడువును ఆ తర్వాతి బెంచీలు ఒప్పుకోలేదు. అయినా అన్యాయమైన ఆలస్యం జరిగితే ఉరి తగ్గించవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్థిరంగా చెప్పింది. ధర్మం మెల్లగా నడుస్తుందమ్మా, మా పల్లెల్లో బస్సులాగా. ఆ బస్సు వచ్చేసరికి స్టాపులో మనిషి ఉండాలి కదా!

రాజద్రోహమనే మాట ఎప్పుడు ఎవరికి తగిలించారో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. దూరం పోనక్కర్లేదు, మా సీమలోనే చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ సినిమాగా కూడా వచ్చింది కనుక పిల్లలకీ తెలుసు. పాలెగాడి వంశంలో పుట్టి, కంపెనీవాళ్ళు విదిలించే నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛనుతో బతకవలసివచ్చిన మనిషి. 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనమంతా చూస్తుండగా ఉరి తీశారు. అంతటితో కంపెనీ కోపం చల్లారలేదు. ఆయన తలను కోట గోడ మీద వేలాడదీశారు. 1877 దాకా, ముప్ఫై ఏళ్ళు, అది అక్కడే ఉంది.

ముప్ఫై ఏళ్ళంటే మాటలా! ఆ దారిన పోయే తల్లులు పిల్లల కళ్ళు మూసి తీసుకుపోయి ఉంటారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయి తమ పిల్లల కళ్ళు మూసి ఉంటారు. ఆ తల దించిన ఏడు ఎలాంటిదో తెలుసా? దేశాన్ని వణికించిన ధాతు కరువు. 1876 నుంచి 78 దాకా సీమ జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పటికి మా అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలని పైనుంచి వచ్చిన దొరగారు రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టారు. అర్ధ కిలో కూడా లేదు! చచ్చిన తలకు ముప్ఫై ఏళ్ళు కాపలా కాయగలిగిన సర్కారుకి, బతికున్న కడుపుకి గుప్పెడు గింజలు ఎక్కువ వేయడానికి చెయ్యి రాలేదు. ఉరికొయ్య సర్కారు బలానికి గుర్తు అంటారు. కరువు సీమవాళ్ళం మేము, మాకు అలా అనిపించదు. ప్రాణం నిలబెట్టడానికి కావలసిన బలం ముందు ప్రాణం తీయడానికి కావలసిన బలం ఎంతండీ?

విచిత్రం ఏమిటంటే, నరసింహారెడ్డి తల గోడకెక్కిన మరుసటి ఏడే, 1848లో, ఫ్రాన్సులో విప్లవ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రాజకీయ నేరాలకు ఇక ఉరిశిక్ష ఉండదని. నిన్నటిదాకా తామే రాజుకు ద్రోహులు. ఇవాళ రాజు చీటీ తమ చేతికి వచ్చింది. రేపు ఎవరికొస్తుందో! ఆ భయమో, ఆ వివేకమో వాళ్ళ చేత మంచి పని చేయించింది. తర్వాత అమెరికా ఖండాల దేశాలు రాసుకున్న మానవహక్కుల ఒడంబడికలో కూడా రాజకీయ నేరాలకు మరణశిక్ష వేయకూడదని రాసుకున్నారు.

చీటీలు ఎట్లా మారతాయో చెప్పడానికి మన్యం కథ చాలు. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న విచారణ లేకుండా కాల్చి చంపారు. ఆయన అనుచరుడు గాము మల్లుదొరకు ఉరిశిక్ష పడింది. తర్వాత అది యావజ్జీవంగా మారింది. ప్రాణం దక్కింది కనుక ఆయన స్వతంత్రం చూశాడు. చూడడమేమిటి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి మొట్టమొదటి లోక్‌సభలో కూర్చున్నాడు! ఉరికొయ్య ఎక్కవలసిన మనిషి చట్టాలు చేసే చోట కూర్చున్నాడు. ఆ రోజు ఏ అధికారి అయినా తొందరపడి తాడు లాగించి ఉంటే? ఇక రాజుగారి పేర 2022లో ఒక జిల్లాయే వచ్చింది. నరసింహారెడ్డి పేరు 2021లో కర్నూలు విమానాశ్రయానికి పెట్టారు. పేర్లు పెట్టగలం, విగ్రహాలు నిలబెట్టగలం. ఆ తల్లుల కొడుకుల్ని తెచ్చివ్వగలమా?

తెలంగాణ రైతాంగ పోరాటంలోనూ ఇంతే. నిజాం పాలన పోయాక, మన సొంత ప్రభుత్వం వచ్చాక, పన్నెండుమందికి ఉరిశిక్షలు పడ్డాయి. వాళ్ళ తరఫున వాదించడానికి డి. ఎన్. ప్రిట్ అనే ఇంగ్లీషు లాయరు సముద్రాలు దాటి వచ్చాడు. చివరికి ఉరులు ఆగాయి. వాళ్ళలో ఒకరైన నల్లా నరసింహులు బతికి బయటికొచ్చి తన అనుభవాలను పుస్తకంగా రాశారు. ఉరి తీసి ఉంటే ఆ పుస్తకం ఉండేది కాదు, అందులో ఆయన ఏం చెప్పుకున్నారో మనకు తెలిసేదే కాదు. ఎదుటివాడు చెప్పేది మనకు నచ్చకపోవచ్చు. వినే అవకాశమే లేకుండా చేసుకోవడం మాత్రం మనకు మనం చేసుకునే నష్టం.

మా జిల్లా కథ ఒకటి చెప్పకపోతే మావాళ్ళు ఊరుకోరు. తరిమెల నాగిరెడ్డి గారూ, ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారూ బావమరదులు. నాగిరెడ్డి గారి చెల్లెలు నాగరత్నమ్మ గారు సంజీవరెడ్డి గారి భార్య. 1952 ఎన్నికల్లో నాగిరెడ్డి గారు జైల్లో ఉండే, సొంత బావ మీద గెలిచారు. తర్వాత ఆయన అసెంబ్లీ వదిలేసి విప్లవం దారి పట్టారు. ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అని కేసు పెడితే, కోర్టులో తన వాదన తానే చెప్పుకున్నారు. ఆ వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' అనే పుస్తకమయింది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976లో కన్ను మూశారు. సరిగ్గా ఒక్క ఏడాదికి, 1977 జులైలో, సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. క్షమాభిక్ష అర్జీలు వచ్చి చేరే బల్ల ముందు కూర్చున్నారు.

ఈ కథలో నాకు ఎప్పుడూ నాగరత్నమ్మ గారే గుర్తుకొస్తారు. ఒక పక్క సర్కారు, ఒక పక్క సర్కారు వెతికే మనిషి. ఇద్దరూ ఆమెకు సొంతవాళ్ళే. ఆమె మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది! కానీ ఒకటి మాత్రం నిజం. ఆమెకు అన్న అన్నే. దేశద్రోహి అన్న మాట పేపర్లో వస్తుంది, కోర్టు కాగితాల్లో వస్తుంది. ఇంట్లో ఆ పేరుతో ఎవరినీ పిలవరు. ఇంట్లో వాడు అన్న, కొడుకు, మొగుడు, నాన్న. ఉరి తీసేది సర్కారు లెక్కలో ఒక ద్రోహిని. పోయేది మాత్రం ఒక ఇంటి మనిషి.

మన దగ్గరే ఇట్లా అనుకోకండి. పాకిస్తానులో ప్రధానమంత్రిగా చేసిన భుట్టోను, ఆయన్ని దించిన సైనిక పాలకుడి హయాములో, హత్య కేసు పెట్టి 1979 ఏప్రిల్ 4న ఉరి తీశారు. ఏడుగురు జడ్జీల్లో నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ఒక్క మనిషి మాట తేడాతో ప్రాణం పోయింది. 2024 మార్చిలో అదే దేశపు సుప్రీంకోర్టు ఆయన విచారణ న్యాయంగా జరగలేదని చెప్పింది. నలభై అయిదేళ్ళకి! నైజీరియాలో చమురు కంపెనీలు పాడుచేసిన తన నేల గురించి నోరెత్తిన రచయిత కెన్ సారో-వివాను 1995లో ఉరి తీశారు. 2022లో బర్మాలో ప్రజాస్వామ్యం అడిగినవాళ్ళని, ఇరాన్‌లో ఆడపిల్లల స్వేచ్ఛ కోసం వీధిలోకొచ్చిన కుర్రవాళ్ళని ఉరి తీశారు. ఆ కాగితాల మీద ఎక్కడా "మమ్మల్ని ప్రశ్నించినందుకు" అని రాసి ఉండదు. హత్య అనో, దైవద్రోహమనో, ఉగ్రవాదమనో రాసి ఉంటుంది. మా మనవడు నయం, నిజం చెప్పాడు!

"అయితే బాంబులు పెట్టినవాళ్ళ మాటేమిటి?" అని అడుగుతారు. అడగాలి కూడా. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి పద్ధెనిమిదిమంది పోయారు. బస్సు కోసం, టిఫిను కోసం నిలబడ్డ మనుషులు. వాళ్ళ తల్లుల ముందు నిలబడి నేను నీతులు చెప్పలేను. వాళ్ళ కోపం, మా పెరుగమ్మ కోపం ఒకటే. అది నిజమైన కోపం. నేరం చేసినవాళ్ళని బతికినంతకాలం లోపల ఉంచండి, నేను కాదనను. కానీ తాడు మాత్రం అటక మీద కూడా ఉంచవద్దంటాను. ఎందుకంటే అటక మీద ఉన్న వస్తువు ఏదో ఒకరోజు కిందికి దిగుతుంది. దాన్ని దించే రోజున ఇంటిపెద్ద ఎవరై ఉంటాడో మనకు తెలియదు.

2015లో మన లా కమిషన్ 262వ నివేదికలో ఉరిశిక్ష తీసేయమని సిఫారసు చేసింది. సంతోషమే. కానీ ఉగ్రవాదానికీ, ప్రభుత్వం మీద యుద్ధం చేయడానికీ మాత్రం ఉంచమంది. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ప్రభుత్వం మీద యుద్ధం చేస్తే ఉరి లేదా యావజ్జీవమే. నాకు తెలిసిన కొంచెం లోకజ్ఞానంతో చూస్తే ఇది తిరగేసిన లెక్క. సర్కారుకు కోపం లేని చోట తాడు తీసేసి, కోపం ఉన్న చోట మాత్రం చేతికిస్తున్నాం. పెరుగమ్మ వింటే నవ్వుతుంది. మినహాయింపు పెట్టాలనుకుంటే ముందుగా రాజకీయ నేరాలకే ఉరి తీసేయాలి. ఆ తర్వాత మిగతావాటికీ తీసేయాలి. ఎందుకంటే సర్కారు తలుచుకుంటే ఏ నేరానికి ఏ పేరు పెట్టాలో దానికి తెలుసు. ఉరిశిక్షే ఎత్తివేయడం మేలని అంబేద్కర్ గారు 1949లోనే రాజ్యాంగ సభలో అన్నారు. ఆ పెద్దాయన మాటలు ఎన్నో విన్నాం, ఇది ఒక్కటే వినిపించుకోలేదు.

మా మామగారూ, అత్తగారూ ఇప్పుడు లేరు. ముషీరాబాదు జైలూ ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి అక్కడ గాంధీ ఆసుపత్రి కట్టారు. మా మేనకోడలికి కాన్పయినప్పుడు నేను అక్కడికే వెళ్ళాను. పుట్టిన పిల్లను చేతుల్లో పెట్టి నర్సమ్మ, "జాగ్రత్తగా పట్టుకోమ్మా, మెడ నిలబడదు" అంది. ఎంత చిన్న మెడ! నా అరచెయ్యి ఒక్కటే దాన్ని మోస్తూ ఉంది. ఒకప్పుడు ఆ చోట ఏం జరిగేదో గుర్తుకొచ్చి, ఎండాకాలంలో కూడా నా ఒళ్ళు జలదరించింది. సర్కారు అనేది ఆ నేల మీద రెండు పనులూ చేసింది. రెండింట్లో ఏది దాని పని అని ఎవరైనా అడిగితే, నాకు జవాబు వెతుక్కోనక్కర్లేదు.

అన్నట్టు, ఆ రోజు సాయంత్రం కరెంటు మళ్ళీ పోయింది. మళ్ళీ చీటీలు ఎగిరాయి. ఈసారి రాజు చీటీ ఎవరికి వచ్చిందనుకున్నారు? మధ్యాహ్నం ఉరిశిక్ష పడ్డ మా చిన్నవాడికే! దొంగ చీటీ పెద్దవాడికి. వాడి ముఖం చూడాలి! "ఏం తీర్పు చెప్తావురా రాజా?" అన్నాను.

చిన్నవాడు కాసేపు ఆలోచించాడు. బొరుగుల పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. "ఈనికి ఈ ఆటలో బుడ్డలు లేవు" అన్నాడు. మరి కాస్త ఆలోచించి, "ఉరి తీస్తే మళ్ళా నలుగురం కాము కదవ్వా! ఆట ఎట్లాడాల?" అన్నాడు.